ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు

మా మామగారి పేరు నేను చెప్పను. చెప్పమని ఎవరూ అడక్కండి. మా కొచ్కోర్ కొండ ఊళ్ళ వైపు కోడలు అత్తింటి పెద్దల పేర్లు నోటితో పలకదు. వాళ్ళు బతికున్నా పలకదు, పోయినా పలకదు. గేట్లు దేంతో చేస్తారో, రైలు పట్టాలు దేంతో చేస్తారో, మా భాషలో ఆ మాట చివర ఖాన్ అని తగిలిస్తే ఆయన పేరు. ఇక మీరే కలుపుకోండి.

ఇందులో నేను పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. పేరు పలకకపోతే సరిపోదు, పేరులో ఉన్న మాట కూడా నోట రాకూడదు. ఆయనేమో వెల్డింగ్ మేస్త్రి. ఇల్లంతా ఆ సామానే. పొయ్యి దాంతోనే, మంచం దాంతోనే, కోళ్ళ గూడు కూడా దాంతోనే. పెళ్ళయిన కొత్తలో ఏది అడగాలన్నా "గట్టిది" అని అడిగేదాన్ని. అపా, ఆ గట్టిది ఎక్కడుంది, అని అత్తగారిని అడిగితే, ఈ ఇంట్లో అన్నీ గట్టివే, నీ తలతో సహా, అనేది ఆవిడ. మామగారిని కూడా అలాగే "గట్టి ఆతా" అన్నాను. ఆతా అంటే నాన్న, అపా అంటే అమ్మ. ఆయన ఆ పేరు విని వెల్డింగ్ అద్దాలు నుదుటి మీదికి నెట్టి మరీ నవ్వారు. మరిదికి "దొరబాబు" అని పెట్టుకున్నాను. అది వాడికి బాగా తలకెక్కింది.

పోయిన ఏడాది తొలిమంచు పడ్డ రోజుల్లో ఆయన షెడ్డులోనే, సగం చేసిన గేటు పక్కన కూలబడి పోయారు. గుండె. ఇప్పుడు ఏడాది విందు దగ్గరికొచ్చింది. మా దగ్గర అది పెళ్ళికంటే పెద్ద పని. గుర్రాన్ని కోయాలి, ఊళ్ళకు ఊళ్ళు వచ్చి తినిపోతాయి, ఆలోపు సమాధి మీద రాయి లేవాలి, రాయి మీద ఆయన మొహం ఉండాలి. రాయి చెక్కే సంసాలీ నల్లరాయి నున్నగా చేసి పెట్టుకుని, శుక్రవారంలోపు ఫొటో ఇవ్వకపోతే తనని అనవద్దని కబురు మీద కబురు పంపుతున్నాడు.

మా దగ్గరున్న ఫొటో ఒక్కటే, పాస్‌పోర్టుది. కళ్ళు పెద్దవి చేసుకుని, పెదాలు బిగబట్టి, ఏదో ఎత్తుకెళ్తూ దొరికిపోయినవాడిలా ఉంటారందులో. అత్తగారు దాన్ని చూసినప్పుడల్లా బోర్లా తిప్పి పెట్టేది. ఎవరో పరాయివాడు, అనేది.

నేను ఇంట్లోనే బడిపిల్లల దుస్తులు కుడతాను. ఒక పొద్దున మిషను మీద ఉంటే ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మా అత్తగారు ఊరికే కూర్చునే మనిషి కాదు, కాబట్టి నాకు భయమేసింది.

"కెలిన్," అంది. ఇక్కడ కోడలిని అలాగే పిలుస్తారు. "ఆయన మొహం నాకు గుర్తుకు రావట్లేదు. గొంతు వస్తోంది. దగ్గు వస్తోంది. చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చే చప్పుడు కూడా వస్తోంది. మొహం రావట్లేదు."

మా అత్తగారు ఏడ్చే మనిషి కాదు, ఏడిపించే మనిషి. ఆ మాట అని నా కత్తెర తీసుకుని, కుట్టిన లంగాలకు వేలాడే దారాలు కత్తిరించడం మొదలుపెట్టింది, అక్కర్లేనివి కూడా. ఆ పూట ఇక కుట్టు సాగలేదు.

ఫొటోలు లేక కాదు. బోలెడున్నాయి. ఎక్కడున్నాయంటే క్లౌడ్‌లో ఉన్నాయి. ఆయనకు ఫోన్ కొన్నప్పుడు నేనే అన్నీ సర్దిపెట్టాను, తీసిన ప్రతి ఫొటో దానంతటదే అక్కడికి వెళ్ళి భద్రంగా ఉండేట్టు. అది మామగారికి అర్థమయ్యేలా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఫోన్‌లో ఉన్నది అక్కడా ఎలా ఉంటుంది, ఉంటే ఇక్కడ ఎందుకు, ఇక్కడిది చెరిపేస్తే అక్కడిది ఏడుస్తుందా, అని ఒకటే ప్రశ్నలు. చివరికి ఆయనే దారి కనిపెట్టారు. మందను వేసవిలో కొండ మీదికి మేతకు తోలడం లాంటిదన్నమాట, అన్నారు. ఇక రోజూ సాయంత్రం కిటికీ దగ్గర, మా ఇంట్లో వైఫై అందే ఆ ఒక్క చోట, ఫోన్ పట్టుకుని నిలబడేవారు. ఇవాళ్టివి పైకి ఎక్కాయా, ఏదైనా వెనకబడిందా, అని అడిగేవారు. ఎక్కాయి ఆతా, కుంటి మేక కూడా మిగల్లేదు, అనేదాన్ని.

ఆ ఫోన్ ఏమయిందంటారా. అది కూడా చెప్పాలి. మా ఆచారంలో శవానికి స్నానం చేయించినవాళ్ళకు పోయినవాళ్ళ బట్టలు ఇస్తారు. ఆయన గొర్రెతోలు కోటు దూరపు బంధువు ఒకాయనకు వెళ్ళింది. ఫోన్ ఆ కోటు లోపలి జేబులో ఉంది. ఏడుపుల్లో, గుడారాల్లో, వచ్చేపోయేవాళ్ళలో ఎవరికీ పట్టలేదు. ఆయన చాలా రోజులకు చూసుకుని, చార్జింగ్ పెట్టి, తెరుచుకోకపోతే కొడుక్కిచ్చాడట. వాడు దాన్ని మొత్తం తుడిచి కొత్తదానిలా చేశాడు. తర్వాత విషయం తెలిసి పాపం ఆయన టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. మా మనిషికి చివరి స్నానం చేయించిన చేతులు, ఏమనగలం? టీ పోసి పంపాం.

అప్పుడు నేనే అన్నాను, ఏం ఫరవాలేదు, అన్నీ పైన భద్రంగా ఉన్నాయని. తీసి చూపిస్తానంటే అత్తగారు వద్దంది. ఏడాది నిండేదాకా చూడను, చూస్తే పనిచేయలేను, అంది. సరే అన్నాను. తప్పు ఆవిడదీ కాదు, నాదీ కాదు. కానీ ఇప్పుడు ఏడాది నిండవస్తుంటే కొత్త ఫోన్‌లో ఆ ఖాతా తెరవబోతే, మీ నంబరుకు అంకెలు పంపాం, అవి కొట్టండి, అంది ఫోన్. ఆ నంబరులో ఎవరూ డబ్బు వేయలేదు కదా, కంపెనీ దాన్ని ఎప్పుడో ఇంకొకరికి అమ్మేసింది. అంకెలు ఆ ఇంకొకరికి వెళ్ళాయి.

ఆ నంబరుకు ఫోన్ చేశాను. మామగారి పేరుకు బదులు నేను పెట్టుకున్న పేరు తెర మీద కనబడుతుండగా ఎవరో మా దేశపు దక్షిణాది యాసలో హలో అన్నాడు. జలాలాబాద్ నుంచి పళ్ళు తోలే లారీ డ్రైవరట. విషయం చెప్పాను. మీకు అంకెలు వచ్చాయి, అవి చెప్పండి, మా మామగారి ఫొటోలు, అన్నానో లేదో, నీలాంటివాళ్ళ గురించి రోజూ టీవీలో చెబుతున్నారు, మా బావమరిది ఇలాగే అంకెలు చెప్పి ఆవు అమ్మిన డబ్బంతా పోగొట్టుకున్నాడు, అని నన్ను కడిగి పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కలవలేదు.

అత్తగారు తన ఫోన్ నుంచి చేసింది. పెద్దావిడ గొంతు వినేసరికి అతను మెత్తబడ్డాడు. అపా, అన్నాడు. మీ ఆయనకు స్వర్గం దొరకాలి, అన్నాడు. ఫోన్‌లోనే, లారీ ఆపుకుని, పోయినాయన కోసం ప్రార్థన చదివాడు. ఇద్దరం అరచేతులు చాచి కూర్చుని విన్నాం. చివర్న మొహం మీద చేతులు దించుకున్నాక, అంకెలు మాత్రం చెప్పను అపా, ఏమీ అనుకోకండి, అని పెట్టేశాడు.

మంచివాడే పాపం, అంది అత్తగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మంచివాళ్ళతో వచ్చిన చిక్కే ఇది, వాళ్ళని తిట్టడానికి కూడా ఉండదు.

ఇంకో దారి ఉంది అంది ఫోన్. ఖాతా తెరిచిన రోజున ఒక రహస్య ప్రశ్నకు జవాబు రాశారు, అది చెప్పండి, అంది. ఆ ఫోన్‌కు మా భాష రాదు, రష్యన్ ఒక్కటే వచ్చు. తెర మీద ఇలా ఉంది: ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారు? అంటే పేరేమిటని. రష్యన్లో పేరు అడిగే పద్ధతే అది, మీ పేరేమిటి అనరు, మిమ్మల్ని ఏమని పిలుస్తారు అంటారు. బడి మొహం చూసిన ప్రతివాడికీ తెలుసు. కింద ఇంకో ముక్క కూడా ఉంది: ఈ ఖాతాను చాలాకాలంగా ఎవరూ వాడటం లేదు, నెలాఖరుకు తీసేస్తాం. నెలాఖరంటే ఎంతో లేదు.

సరే, పేరే కదా. కానీ ఆ పేరు నేను కొట్టలేను. నోటితో పలకనిది చేత్తో ఎలా రాస్తాను? అత్తగారు కూడా రాయదు, మొగుడి పేరు ఆవిడా పలకదు. మా ఇంటాయన రోడ్డు పని మీద కొండ అవతల ఉన్నాడు. ఫోన్ చేస్తే, చూద్దాంలే, అన్నాడు. ఆయనకు చూద్దాం తప్ప ఇంకో మాట రాదు. దాంతో ఆదివారం బిష్కెక్ నుంచి దొరబాబు వచ్చేదాకా ఆగాం. ఆయనగారు బ్యాంకులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు, కాబట్టి కంప్యూటర్లన్నీ తన చేతి కిందే ఉన్నాయనుకుంటాడు.

నేను టీ పోసే లోపలే పని చేసి పెట్టాడు. ఏం పనంటే, పేరు కొట్టాడు, తప్పంది. మొదటి అక్షరం చిన్నది చేసి కొట్టాడు, తప్పంది. ఖాన్ విడగొట్టి కొట్టాడు, తప్పంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. అప్పుడు తెర ఎర్రగా మారి, ఇంకొక్క అవకాశమే ఉంది, ఆపైన ఖాతా మూసేస్తాం, అంది. అప్పుడు పిలిచాడు నన్ను. జెంగే అంటే వదిన.

"జెంగే, నువ్వేగా ఇది పెట్టింది. ఏం రాశావ్?"

"నేను రాయలేదు. ఆయనే రాశారు."

"పక్కనే ఉండి చూడలేదా?"

చూడలేదు. అదే జరిగింది. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ప్రశ్న వచ్చే దాకా అన్నీ నేనే కొట్టాను. పేరు అడిగేసరికి ఫోన్ ఆయన చేతిలో పెట్టి, ఇది మీరు రాసుకోవాలి ఆతా, అని పొయ్యి వైపు తిరిగిపోయాను. ఆయన పేరు ఆయనే రాసుకుంటున్నా, కోడలు నిలబడి చూడటం బాగుండదనిపించింది. అత్తగారు ఈ మాట విని నన్ను ఏమీ అనలేదు. అనడానికి లేదు, ఆవిడ నేర్పిన మర్యాదే అది. దొరబాబు మాత్రం, ఏ కాలంలో ఉన్నారు మీరు, అని చేతులు ఎత్తేశాడు. తన పెళ్ళాం తనని ఏమని పిలవాలో ఏమని పిలవకూడదో లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు, వాడా నాకు చెప్పేది. కోడలిని కాబట్టి నోరు మూసుకున్నాను.

వెళ్తూ వెళ్తూ, ఆ ఒక్క అవకాశంలో ఆయన తండ్రి పేరుతో కలిపి కొడదామా అన్నాడు. వద్దన్నాను. మరి నీకేమైనా తెలుసా అన్నాడు. తెలియదన్నాను. అయితే ఎలాగూ పోయేదేగా అని కారెక్కాడు.

ఆ రాత్రి ముద్ద దిగలేదు. అత్తగారు తినకుండా లేచిపోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"పైన ఉన్నాయి, పైన ఉన్నాయి అన్నావు. మనిషీ పైనే ఉన్నాడు, ఫొటోలూ పైనే ఉన్నాయి. కింద నాకేం మిగిలింది, కెలిన్?"

నేను ఆవిడ ముట్టని గిన్నె మీద మూత పెట్టాను.

మర్నాటి నుంచి నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. మిషను మీద కూర్చుంటే సూది విరిగేది. లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. ఫోన్ తీసి ఆ ఎర్ర తెర చూసేదాన్ని, ఏమీ ముట్టుకోకుండా, వేలు తగిలితే ఏమైపోతుందోనని దూరంగా పట్టుకుని. అత్తగారు నాకంటే ఘోరం. కోళ్ళకు రెండుసార్లు గింజలు వేసేది. ఊడ్చిన వాకిలి మళ్ళీ ఊడ్చేది. విందుకు పిలవాల్సినవాళ్ళ గురించి ఎవరైనా అడిగితే కసిరేది. ఫోన్ ఎక్కడుంది అని మాత్రం అడిగేది కాదు. నేను దాన్ని ఎక్కడ పెట్టినా, కాసేపటికి అది గుడ్డ కప్పుకుని ఉండేది, పిండి పడకుండా.

నన్ను కొరుకుతున్నది ఒక్కటే. ఆ సాయంత్రం నేను పొయ్యి వైపు తిరిగి ఉన్నప్పుడు ఆయన ఒక మాట అడిగారు. ఇంట్లో ఏమని పిలుస్తారు అంటోంది, ఉన్నది ఉన్నట్టు రాయాలా, అన్నారు. రాయండి ఆతా, అబద్ధం రాస్తే తర్వాత మనకే గుర్తుండదు, అన్నాను. ఆయన నవ్వారు. నవ్వుకుంటూ ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టారు. వెనక్కి తిరిగాక కూడా మీసాల కింద ఆ నవ్వు పోలేదు. ఎందుకు నవ్వారు? ఎవడైనా తన పేరు రాసుకుని నవ్వుకుంటాడా?

బుధవారం బొత్తాలు కుడుతుంటే తట్టింది. పేరు రాయలేదాయన. ఇంట్లో ఏమని పిలుస్తారని అడిగితే, ఇంట్లో ఏమని పిలుస్తారో అదే రాశారు. ఉన్నది ఉన్నట్టు. రష్యన్ వాడు పేరు అడుగుతున్నాడని ఆయన అనుకోలేదు, ఆయనది అలాంటి బుద్ధి. గేటు ఎంత వెడల్పు ఉండాలి అని అడిగి, గుర్రబ్బండి పట్టేంత అంటే, బండిని తెప్పించి కొలిచే మనిషి. పైగా ఆ పేరు మా ఇంట్లో ఎవరు పలికారు గనక? భార్య పలకదు, కోడళ్ళు పలకరు, పిల్లలు ఆతా అంటారు. తన ఇంట్లో ఆయన ఆ పేరు ఏనాడూ వినలేదు.

అది తెలిశాక ఇంకా నిలవలేకపోయాను. ఎందుకంటే ఏమని పిలిచేవాళ్ళం? కొడుకులు ఆతా అనేవారు. ఊళ్ళోవాళ్ళు మేస్త్రి అనేవారు, గుమ్మంలోకొచ్చి మరీ. నేను గట్టి ఆతా అనేదాన్ని. నవ్వారంటే అదే అయి ఉండాలి, అనిపించింది. దాన్ని విని నవ్వేవారు కదా. వేలు తెర దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. నేను పెట్టిన పేరు కాబట్టి అదే అయి ఉండాలని నాకు ఆశగా ఉంది. ఆశ ఉన్నచోట నన్ను నేను నమ్మను. ఒక్కటే అవకాశం. ఫోన్ గుడ్డలో చుట్టి లేచిపోయాను.

టీ వేళయింది. అత్తగారు ఇంట్లో లేదు, వాకిట్లో లేదు. షెడ్డు తలుపు తీసి ఉంది. ఏడాదిగా ఆవిడ అందులో అడుగుపెట్టలేదు. లోపల చప్పుడు, ఏదో గట్టిది కింద పడింది. పరిగెత్తాను. గుమ్మం దాకా వెళ్ళి, మాటలు వినబడి ఆగాను.

ఆవిడ సగం చేసిన ఆ గేటు ముందు నిలబడి ఉంది. విందు వంటలప్పుడు నిప్పు కదపడానికి పొడుగు చువ్వ కావాలి, దానికోసం వచ్చినట్టుంది. దొరకలేదు. ఉన్న సామానంతా కిందామీదా చేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు కసురుతోంది.

"ఓయ్ మనిషీ, ఎక్కడ పెట్టావయ్యా? తీసిన వస్తువు తీసినచోట పెట్టవని లక్షసార్లు మొత్తుకున్నానా? ఓయ్ మనిషీ, నీకేగా చెప్పేది."

ఓయ్ మనిషీ. ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి రోజుకు ఎన్నిసార్లు విన్నానో. రొట్టెల పొయ్యి దగ్గర నుంచి, కోళ్ళ గూటి దగ్గర నుంచి, టీ చల్లారిపోతోందని, మోకాలి మందు మర్చిపోయావని, వాన వచ్చేట్టుందని. విని విని అది నా చెవికి మాటలా కూడా వినబడటం మానేసింది. ఆయన మాత్రం ఎన్ని నిప్పురవ్వల మధ్య ఉన్నా ఆ పిలుపుకు తల ఎత్తేవారు.

"అపా," అన్నాను. "ఆయన్ని మీరు ఏమని పిలిచేవారు?"

ఆవిడ ఉలిక్కిపడి తిరిగింది. చెంపలు ఎర్రబడ్డాయి. వయసులో ఉన్న పిల్లలా సిగ్గుపడింది, వెంటనే దానికి కోపం తెచ్చుకుంది. దొంగచాటుగా వింటున్నావా, మొగుణ్ణి ఏమని పిలిస్తే నీకెందుకు, అంది. నేను ఫోన్ తీసి చూపించి, ఆయన నవ్వుకుంటూ రాశారని చెప్పాను. ఉన్నది ఉన్నట్టు రాయాలా అని అడిగారని చెప్పాను. ఆవిడ వెల్డింగ్ బల్ల మీద కూర్చుండిపోయింది.

ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది నాకు. ఒట్టి మనిషా, ఓయ్‌తో కలిపా? ఒక్క అక్షరం తేడా వచ్చినా అంతే సంగతులు. ఆ మాటే అడిగాను.

"ఓయ్ లేకుండా నేనెప్పుడు పిలిచాను?" అంది అత్తగారు.

షెడ్డులో సిగ్నల్ లేదు. ఇద్దరం ఇంట్లోకి వచ్చి, ఆయన నిలబడే ఆ కిటికీ దగ్గర నిలబడ్డాం. నేను అక్షరం అక్షరం కొట్టాను. చదివి వినిపించాను. చివరి బొత్తాం నొక్కమని ఆవిడకిచ్చాను. నువ్వే నొక్కు అని ఆవిడ, మీరే నొక్కండి అని నేను. చివరికి ఆవిడ కళ్ళు మూసుకుని, తుప్పు అంటిన వేలు కొంగుకు తుడుచుకుని నొక్కింది.

ఎరుపు పోయింది. తెర తెల్లబడింది. సున్నా తిరుగుతోంది, తిరుగుతోంది. తర్వాత మొదటి ఫొటో దిగింది.

గేటు. తర్వాత ఇంకో గేటు. ఎవరిదో పొట్టేలు కొమ్ముల నమూనా గేటు, దాని గొళ్ళెం, దాని కీలు. దిగుతున్నాయి, ఒకటి దిగి ఇంకొకటి, ఆయన మాటలోనే చెప్పాలంటే కొండ మీద నుంచి మంద వస్తున్నట్టు. కోళ్ళు. వాన ముందర మబ్బు. ఉతికి ఆరేసిన తివాచీ. అత్తగారు పొయ్యి దగ్గర, వెనక నుంచి. అత్తగారు ఆవు దగ్గర, వెనక నుంచి. అత్తగారు చెయ్యి ఊపుతూ అరుస్తూ, ఇటు తిరిగి. ఫోన్ పక్కన పెట్టి పని చూసుకోమని అరుస్తున్నట్టు పెదాలు చూస్తేనే తెలుస్తోంది. ఆవిడవి ఎన్నో ఉన్నాయి. ఆయనది ఒక్కటీ లేదు. నూరూజ్ పండగనాడు నేను తీసినది వచ్చింది, ఆయన కదిలిపోయారు, మొహం ఉండాల్సినచోట టోపీ రంగు మాత్రం ఉంది.

ఎప్పుడూ తానే పట్టుకుని తిరిగేవాడు, ఎలా ఉంటాడందులో, అంది అత్తగారు. చాలా మామూలుగా అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత చేసి, ఇంత కంగారు పడి, ఆవిడ చేతిలో పెట్టింది ఆవిడ వీపేనా? ఆపేద్దామా అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. వేలితో పైకి నెడుతూనే ఉంది.

అప్పుడు వచ్చింది. తెర నిండా గడ్డం. తెల్లటి మొలకల గడ్డం, కింద నుంచి. పైన రెండు ముక్కు రంధ్రాలు, వాటి పైన ముడుచుకున్న కనుబొమలు, వెనక షెడ్డు కప్పు. ఆయనకు కెమెరా తిప్పే ఆ చిన్న గుర్తు ఎప్పుడూ కలిసొచ్చేది కాదు, కెమెరా అటు తిరగాల్సింది ఇటు తిరిగేది. గేటు రావాల్సినచోట తన మొహం వస్తుంటే ఏమిటిదని లోపలికి తొంగి చూసేవారు, చూస్తూ నొక్కేసేవారు. ఒకటి కాదు. బోలెడు. కోపంగా, అయోమయంగా, ఒక కన్ను మూసి, అద్దాలు నుదుటి మీద పెట్టుకుని, పెదాల మధ్య మేకు పట్టుకుని. ఒకదాంట్లో తల పక్కకు తిప్పి ఉంది, ఎవరో పిలిచినట్టు. ఎవరో ఏమిటి.

రాయి చెక్కడానికి అందులో ఒక్కటీ పనికిరాదు. సంసాలీకి చూపిస్తే, ముక్కు రంధ్రాలు చెక్కమంటారా, అని అడుగుతాడు. నేను ఆ సంగతే మెల్లగా అన్నాను. అత్తగారు తల కూడా ఎత్తలేదు. రాయికి ఆ పాస్‌పోర్టుది ఇచ్చెయ్యి, అంది, రాయి వచ్చేపోయేవాళ్ళ కోసం. నేను ముందు ఆ ఫొటోలన్నీ ఆవిడ ఫోన్‌లోకి దింపాను, మళ్ళీ నా ఫోన్‌లోకి దింపాను, మళ్ళీ ఇంటాయన కంప్యూటర్లోకి పంపాను. పైనున్నవాటి మీద నాకు నమ్మకం పోయింది.

ఇదంతా చేస్తున్నంతసేపూ ఆవిడ ఆ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. పక్కకు తల తిప్పిన ఫొటోను పెద్దది చేసి, ముఖానికి దగ్గరగా పట్టుకుంది. చాలాసేపు చూసింది. చూసి, బొటనవేలితో ఆ గడ్డాన్ని అటూ ఇటూ రుద్దింది.

"ఓయ్ మనిషీ," అంది. "గడ్డం గీసుకోకుండానే తిరిగావా?"

నేను పొయ్యి వైపు తిరిగాను.